టవర్ స్పీకర్లు కొనేముందు మీ హాలు కొలవండి

(తిరుపతిలో సంగీత శ్రోతల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

ఈ సమావేశానికి రమ్మని పిలిచినప్పుడు నిర్వాహకులు మీలో కొందరు రాసి ఇచ్చిన ప్రశ్నలు కూడా నాకు అందజేశారు. వాటిలో చాలావరకు ఒకటే ప్రశ్న. "రెండు జతల టవర్ స్పీకర్లు చూసి పెట్టుకున్నాం. ఏది కొనమంటారు?" పేరు చెప్పమంటే చెప్పగలను, కానీ ఆ జవాబు మీకు న్యాయం చేయదు. ఒక జత స్పీకర్లు బాలాజీ కాలనీలో ఒకరి ఇంట్లో హాయిగా పాడతాయి. అవే స్పీకర్లు తిరుచానూరు రోడ్డులో ఇంకొకరి ఫ్లాటులో అరగంట వింటే తలనొప్పి తెప్పిస్తాయి. స్పీకర్లలో తేడా ఏమీ లేదు, గది మారిందంతే. అందుకని ఈరోజు స్పీకర్ల గురించి ఎంత మాట్లాడతానో, మీ హాలు గురించి, మీరు వినే సంగీతం గురించి కూడా అంతే మాట్లాడతాను. డబ్బు పోయడానికి ముందే వినవలసిన మాటలివి. కొన్న తర్వాత వింటే బాధ తప్ప ఏమీ మిగలదు.

నేల మీద నిలబెట్టే టవర్ స్పీకర్ అసలు ఎందుకంత ఎత్తు ఉంటుంది? అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కోన్ (గరాటు ఆకారపు పొర): 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు చూపించిన పద్ధతి ఇది. మీ ఇంట్లో ఉన్న స్పీకర్లు దాదాపు అన్నీ ఇవాళ్టికీ ఇలాగే పనిచేస్తాయి. కోన్ ముందుకు కదిలి గాలిని నెట్టినప్పుడు దాని వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిసిపోతే బేస్, అంటే కింది మంద్ర ధ్వని, అక్కడికక్కడే కరిగిపోతుంది. అందుకే కోన్ వెనక పెట్టె కావాలి. పెట్టె ఎంత పెద్దదిగా ఉండాలన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. ఆంటన్ హాఫ్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని సూటిగా చెప్పాడు. పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా దిగాలి, తక్కువ వాట్లతో గట్టిగా మోగాలి అని మూడు కోరికలు కోరితే రెండే తీరతాయి, మూడోది వదులుకోవాలి. ఇది ఏ కంపెనీ దాటగలిగిన గీత కాదు. అరచేతిలో పట్టే పెట్టెలో సముద్రమంత బేస్ ఉందని ఎవరైనా ప్రకటిస్తే, ఇంకేదో పోగొట్టుకునే అది సంపాదించారని అర్థం చేసుకోండి.

అల్మరాలో పట్టేంత చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకరును మంచి స్టాండు మీద పెడితే అది ఆక్రమించే నేల ఎంతో, సన్నటి టవర్ ఆక్రమించేదీ ఇంచుమించు అంతే. స్టాండు ఉన్న చోటును కూడా పెట్టెగా మార్చుకుని, లోపలి గాలి పరిమాణాన్ని టవర్ పెంచుకుంటుంది. దాంతో బేస్ ఇంకాస్త కిందికి దిగుతుంది, లేదా అదే ఆంప్లిఫయర్‌తో ఇంకాస్త గట్టిగా మోగుతుంది. టవర్ గొప్పతనం ఇదే. మరి దాని వల్ల వచ్చే ఇబ్బంది కూడా ఇక్కడే పుడుతుంది. ఆ అదనపు బేస్‌ను మీ హాలు భరించగలదా?

మన ఇళ్లు ఎలా ఉంటాయో ఒకసారి చూద్దాం. రెండు వైపులా సిమెంటు పూసిన ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు, కింద గ్రానైటో టైల్సో. ఒకవైపు గాజు కిటికీ, దానికి పలచటి కర్టెన్. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊరు కనుక చల్లగా ఉండాలని నేల మీద ఏమీ పరచం. ఇవన్నీ మన జీవితానికి అనువైనవే, అందులో తప్పు లేదు. కానీ శబ్దం ఈ గోడలకు తగిలితే పోవడానికి దారి ఉండదు, దాదాపు అంతా తిరిగి గదిలోకే వస్తుంది. అమెరికాలో చాలా ఇళ్లకు చెక్క, జిప్సమ్ బోర్డు గోడలు ఉంటాయి. మంద్ర శబ్దాలకు ఆ గోడలు కొంచెం కంపిస్తాయి. అలా కంపించి కొంత శక్తిని మింగేస్తాయి. మన కాంక్రీటు మింగదు. విదేశీ సమీక్షలో "బేస్ సరిపోయింది" అని రాస్తే, అదే స్పీకరు మన హాల్లో "బేస్ ఎక్కువైంది" అనిపించుకునే అవకాశం చాలా ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని సమీక్షలు చదవండి.

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని అడుగుల్లో కొలిచి, 565ను ఆ దూరంతో భాగించండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు వెళుతుంది, అందులో సగం 565. పదహారు అడుగుల పొడవుకు 35 హెర్ట్జ్, అంటే సెకనుకు 35 కంపనాలు, వస్తుంది. పన్నెండు అడుగుల వెడల్పుకు 47, పది అడుగుల ఎత్తుకు 56. సంగీతంలో ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ గది దాన్ని పట్టుకుని ఊపుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన సరైన క్షణంలో చిన్నగా తోస్తే ఎంత ఎత్తుకు వెళుతుందో, గదిలో ఆ స్వరం కూడా అలా పెరిగిపోతుంది. స్పీకరు ఆపేసినా అది కాసేపు ఆగదు.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేర్వేరుగా ఉంటే ఈ ఉబ్బులు వేర్వేరు స్వరాలకు పంచబడతాయి, చెవికి పెద్దగా తెలియదు. హాలు పన్నెండు బై పన్నెండు చతురస్రంగా ఉంటే రెండూ 47 దగ్గరే కలుస్తాయి. ఆ గదిలో 35 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద టవర్లు పెడితే, ఎంత ఖరీదైనవైనా సరే, 47 దగ్గర ఒక్క హోరు వినిపిస్తుంది. కాబట్టి స్పీకర్ల బ్రోచరు తెరవడానికి ముందు టేపు తీసి హాలు కొలవండి. చతురస్రపు హాలు ఉన్నవాళ్లు సన్నటి టవర్ల వైపే చూడండి. పద్దెనిమిది, ఇరవై అడుగుల పొడవుండి, ఒక వైపు భోజనాల గదిలోకి తెరుచుకునే హాలు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పెద్ద టవర్లు కొనుక్కునే అర్హత ఆ గదికి ఉంది.

బైరాగిపట్టెడలో ఒక దంపతులు రెండు జతల మధ్య తేల్చుకోలేక నన్ను రమ్మన్నారు. ఒకటి ఎనిమిది అంగుళాల ఊఫర్లు (బేస్ పలికే పెద్ద కోన్లు) రెండేసి ఉన్న భారీ టవర్. రెండోది ఐదున్నర అంగుళాల ఊఫర్లతో సన్నటి టవర్. దుకాణంవాళ్లు మంచివాళ్లు, రెండు జతలూ శని, ఆదివారాలు ఇంట్లో ఉంచుకుని వినమన్నారు. పెద్దది మోగించగానే ఆయన ముఖం వెలిగిపోయింది. సినిమా పాటలో డ్రమ్ము కడుపులో తగిలింది. ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి. ఏమీ మాట్లాడకుండా వింటూ, పాట మారిన ప్రతిసారీ రిమోటుతో ధ్వని కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చారు. నేను చూసింది అదే. చెవి బాగుందని ఒప్పుకుంటే చెయ్యి ధ్వని పెంచుతుంది. ఒప్పుకోకపోతే నోటితో చెప్పకముందే తగ్గిస్తుంది. తర్వాత సన్నటి జత పెట్టి ఒక కచేరీ రికార్డింగు వేశాం. మృదంగం తని (ఒంటరిగా వాయించే భాగం) మొదలైంది. ఆవిడ, "ఇప్పుడు ఎడమ చెయ్యి వినిపిస్తోందండీ" అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

ఆ మాట మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే స్పీకరును పరీక్షించడానికి మృదంగం కంటే మంచి సాధనం నాకు తెలియదు. దాని కుడి వైపు వలంతల, ఎడమ వైపు తొప్పి. వలంతల మధ్యలో నల్లటి కరణె ఉంటుంది, దాన్ని షడ్జానికి శ్రుతి చేస్తారు. మామూలు డప్పు చర్మం నుంచి పుట్టే ఉపస్వరాలు మూల స్వరంతో లెక్కగా కలవవు. మృదంగంలో మాత్రం కలుస్తాయి. ఆ నల్లటి పూత బరువు వల్లే ఇది సాధ్యమవుతోందని 1920లోనూ, 1934లోనూ ప్రచురించిన పరిశోధనల్లో సర్ సి.వి. రామన్ వివరించారు. అందుకే మృదంగం దెబ్బలో తాళమే కాదు, స్వరం కూడా ఉంటుంది. మంచి స్పీకరులో ఆ స్వరం తెలుస్తుంది. తొప్పికి కచేరీ ముందు తడి రవ్వ ముద్ద అతికిస్తారు, అందువల్ల దాని నాదం గంభీరంగా కిందికి దిగుతుంది. విద్వాంసుడు దాని మీద అరచేతి మణికట్టు జరుపుతూ వాయించే గుమికిలో నాదం కింది నుంచి పైకి జారుతుంది. అక్కడే చెవి పెట్టండి. ఆ జారుడు మెట్టు మెట్టుగా, మొదటి నుంచి చివరి దాకా వినిపించిందా? అయితే ఆ స్పీకరూ ఆ గదీ ఒకదానికొకటి పొత్తు కుదిరినట్టే. ప్రతి గుమికీ ఒకే "బొం" లాగా వినిపిస్తే, మీరు వింటున్నది విద్వాంసుణ్ణి కాదు, మీ గోడల్ని.

రెండో పరీక్ష నాదస్వరం. బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో నాదస్వరం నిలబడి విన్నా చెవికి గుచ్చుకోదు. పైన ఆకాశం ఉంది, శబ్దం తిరిగి రాదు. అదే నాదస్వరం రికార్డింగును టైల్స్ పరిచిన హాల్లో వింటే రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్ మధ్య ప్రతి చిన్న లోపమూ బయటపడుతుంది. మన చెవి అత్యంత చురుగ్గా పనిచేసేది కూడా అక్కడే. చాలా టవర్లలో ఊఫర్ నుంచి, పైస్థాయి స్వరాలు పలికే ట్వీటర్‌కు శబ్దాన్ని అప్పగించే క్రాసోవర్ కూడా అక్కడే ఉంటుంది. కొన్ని కంపెనీలు దుకాణంలో తళుక్కుమనిపించడానికి ట్వీటరును కొంచెం పెంచి పెడతాయి. ఐదు నిమిషాలు వింటే "ఎంత స్పష్టంగా ఉందో" అనిపిస్తుంది. నాదస్వరం పదిహేను నిమిషాలు వినండి, నిజం తెలుస్తుంది.

మూడోది మీరు రోజూ వినే గొంతు. ఒకటో శ్రుతిలో పాడే పురుషుడి మధ్య షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. ఐదో శ్రుతిలో పాడే స్త్రీ షడ్జం 196. అన్నమాచార్య కీర్తనలే ప్రధానంగా వినే ఇంట్లో 60 హెర్ట్జ్‌కు కింద జరిగే వ్యవహారం చాలా తక్కువ. తంబురా మంద్ర షడ్జం తీగ కూడా ఒకటో శ్రుతికి 65 దగ్గర ఉంటుంది. ఇక సినిమా పాటల్లో బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్. కంప్యూటరులో పుట్టించే బేస్ ఇంకా కిందికి పోతుంది. అంటే కీర్తనలు వినేవారికీ, కొత్త సినిమా పాటలు వినేవారికీ ఒకే స్పీకరు చెప్పడం సరికాదు. మీరు కొనేది మీ ఇంట్లో వినే సంగీతానికి. చుట్టాలు వచ్చినప్పుడు వినిపించే నాలుగు పాటల కోసం ఎంచుకోకండి.

ఇప్పుడు కాగితం మీద ఉండే అంకెల సంగతి. మూడింటిని చదవడం వస్తే చాలు.

మొదటిది సెన్సిటివిటీ, అంటే ఇంత కరెంటు ఇస్తే స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందన్నది. ఆ గట్టితనాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. "87 డెసిబెల్స్, 2.83 వోల్టులు, ఒక మీటరు" అని రాసి ఉంటుంది. ఓమ్ అంటే కరెంటుకు స్పీకరు చూపే నిరోధం. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులు అంటే సరిగ్గా ఒక వాటు. నాలుగు ఓమ్‌ల స్పీకరుకు అదే వోల్టేజి రెండు వాట్లు అవుతుంది. కనుక ఒక కంపెనీ నాలుగు ఓమ్‌ల స్పీకరుకు 89 అని, ఇంకొకటి ఎనిమిది ఓమ్‌లకు 87 అని రాస్తే, పైకి మొదటిదే మెరుగ్గా కనిపిస్తుంది. వాటుకు లెక్క కడితే మొదటిది 86 మాత్రమే. మూడు డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు వాట్లు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, జాగ్రత్త. నామమాత్రపు ఓమ్‌లతో పాటు "కనిష్ఠం" అన్న అంకె కూడా ఉంటే చూడండి. ఎనిమిది అని రాసినవి కొన్ని స్వరాల దగ్గర నాలుగుకు, ఇంకా కిందికి కూడా దిగుతాయి. మీ ఆంప్లిఫయర్ వెనక నాలుగు ఓమ్‌లకు అనుమతి లేకపోతే అలాంటి జత జోలికి పోవద్దు.

రెండో అంకె వాట్లు. వాటి గురించి బెంగ వద్దు. 87 డెసిబెల్స్ స్పీకర్లు రెండు, పది అడుగుల దూరం, మామూలు హాలు అనుకుంటే, చెరో వాటుకే మీ కుర్చీ దగ్గర ఎనభైకి పైగా డెసిబెల్స్ వస్తాయి. ఇంట్లో సంగీతానికి అది గట్టి ధ్వనే. తని ఆవర్తనంలో ఒక్కసారి లేచే దెబ్బకు మాత్రం అప్పటికప్పుడు ఇరవై, నలభై, కొన్నిసార్లు యాభై వాట్లు కావాలి. నిజాయితీగా యాభై, అరవై వాట్లు ఇచ్చే ఆంప్లిఫయర్ మన హాళ్లకు చాలు. డబ్బా మీద వేలల్లో రాసిన వాట్లను నమ్మి కొనవద్దు.

మూడో అంకె, బేస్ ఎంత దాకా దిగుతుందన్నది. "38 హెర్ట్జ్" అని మాత్రమే రాస్తే దానికి అర్థం లేదు. పక్కన మైనస్ మూడు డెసిబెల్స్ అని ఉందా, మైనస్ ఆరు అని ఉందా, మైనస్ పది అని ఉందా చూడాలి, అంటే అక్కడికి ధ్వని ఎంత తగ్గిపోయిందో. మైనస్ పది దగ్గర కొలిచిన 38 వినికిడికి దాదాపు లేనట్టే. రెండు కంపెనీలు రెండు పద్ధతుల్లో రాస్తే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక వినడం. మన ఊళ్లో పెద్ద షోరూములు తక్కువ కనుక చాలామంది చెన్నైకో బెంగళూరుకో వెళతారు. పొద్దున్నే బస్సెక్కి, ఎండలో చెన్నై రిచీ స్ట్రీటు చుట్టుపక్కల దుకాణాలన్నీ తిరిగి, సాయంత్రానికి అలసిన చెవులతో నిర్ణయం తీసుకుంటారు. అలా చేయకండి. వెళ్లేటప్పుడు మీకు ప్రతి సంగతీ కంఠస్థమైన పాటలు మీ వెంట తీసుకెళ్లండి. దుకాణంవాళ్లు వేసే పాటలు స్పీకరుకు అనుకూలంగా ఎంచుకున్నవి. రెండు జతలూ ఒకే ధ్వనిలో వినిపించమని అడగండి. కొంచెం గట్టిగా మోగేదే చెవికి మెరుగ్గా అనిపిస్తుంది, అది మనిషి స్వభావం. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉంటే రెండింటినీ సమానం చేసుకోవచ్చు, అంత కచ్చితత్వం చాలు.

కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. తర్వాత షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ఒక ఫలితం ప్రకటించారు. అవే స్పీకర్లను అవే మనుషులు తెర వెనక ఉంచి ఒకసారి, కళ్లతో చూస్తూ ఒకసారి విన్నారు. చూస్తూ విన్నప్పుడు మార్కులు మారిపోయాయి. పెట్టె పరిమాణం, పేరు, పాలిషు చెవికి అడ్డుపడ్డాయి. వాళ్ల పరిశోధనలో ఇంకో మంచి మాట తేలింది. చూడకుండా విన్నప్పుడు వినేవాళ్లలో ఎక్కువమంది ఒకే రకం స్పీకర్లను మెచ్చారు: అన్ని స్వరాలనూ సమానంగా పలికించేవి, పక్కలకు పోయే శబ్దం కూడా ముందుకు వచ్చే శబ్దం పోలికలోనే ఉండేవి. రెండో లక్షణం మన గచ్చు ఇళ్లకు ప్రాణం లాంటిది. మీ చెవికి చేరే శబ్దంలో పెద్ద భాగం గోడలకు తగిలి వచ్చేదే. పక్కకు పోయిన శబ్దం వంకరగా ఉంటే ఆ వంకరే తిరిగి వస్తుంది. కనుక దుకాణంలో నడుమ కుర్చీలో కూర్చుని విన్న తర్వాత లేచి పక్కకు నడవండి. గొంతు మారకుండా ఉంటే మంచి గుర్తు.

కొన్ని కంపెనీలు దీన్ని వేర్వేరు దారుల్లో సాధిస్తాయి. బ్రిటన్‌కు చెందిన కెఫ్ 1988 నుంచి ట్వీటరును ఊఫర్ నడిమధ్యలో కూర్చోబెడుతోంది. రెండూ ఒకే బిందువు నుంచి పలుకుతాయి. అమెరికాకు చెందిన క్లిప్ష్ ట్వీటరు ముందు హారన్ పెడుతుంది. పాల్ క్లిప్ష్ 1940లలోనే హారన్ స్పీకర్లు తయారుచేశాడు. హారన్ శబ్దాన్ని ఒక దిశకు నడిపిస్తుంది, తక్కువ వాట్లతో గట్టిగా మోగుతుంది. మన దేశంలో కోల్‌కతాకు చెందిన సోనోడైన్ 1970 నుంచి ఈ రంగంలో ఉంది. వీటిలో ఏది మెరుగని నేను చెప్పను. మీ హాల్లో మీరే వినాలి.

ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది, చెవి ఎత్తు. టవర్లలో ట్వీటర్ సాధారణంగా మూడడుగులు, అంతకు కొంచెం పైన ఉంటుంది. సోఫాలో కూర్చున్న మనిషి చెవి కూడా అక్కడికే వస్తుంది. పడమటి దేశాల కుర్చీని చూసి వేసిన లెక్క ఇది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాప మీద కూర్చుని వింటారు, తాళం వేయడానికి అదే సుఖం. అప్పుడు చెవి రెండున్నర అడుగుల దగ్గర ఉంటుంది. ట్వీటరు, ఊఫరు రెండూ కలిసి పలికే క్రాసోవర్ ప్రాంతంలో చెవి కిందికి జారితే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు కొంచెం వెనక్కి వెళ్లినట్టు, బోలుగా వినిపిస్తుంది. కింద కూర్చునే అలవాటున్న ఇల్లయితే దుకాణంలోనూ కింద కూర్చునే వినండి, మొహమాటపడవద్దు. స్పీకరును కొంచెం వెనక్కి జరిపి దూరంగా కూర్చున్నా, వెనక పాదాల కింద చిన్న చెక్క పెట్టి కాస్త ముందుకు వంచినా తేడా తగ్గుతుంది.

స్పీకర్లు ఇంటికి వచ్చాక ఎక్కడ పెట్టాలి? టీవీ యూనిట్‌కు రెండు పక్కలా మూలల్లోకి తోసేయడం మన అలవాటు. మూలలో రెండు గోడలు, నేల కలిసి బేస్‌ను పెంచేస్తాయి. వెనక రంధ్రం ఉన్న టవర్లకైతే ఇది మరీ ఎక్కువ. గోడకు అడుగున్నర, రెండడుగులు ఎడం ఇవ్వండి. తర్వాత ఒక్కో అరచెయ్యి దూరం చొప్పున జరుపుతూ అదే గుమికి వినండి. సోఫా సంగతి అంతకన్నా ముఖ్యం. మన సోఫాలన్నీ వెనక గోడకు ఆనుకుని ఉంటాయి. గది ఊపే స్వరాలన్నీ గోడ దగ్గరే అత్యంత గట్టిగా ఉంటాయి. సోఫాను అడుగు, అడుగున్నర ముందుకు జరిపితే కొత్త స్పీకర్లు కొన్నంత మార్పు వస్తుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

హాల్లో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. "టింగ్" అని లోహం లాంటి శబ్దం తోకలాగా వస్తే గోడల మధ్య శబ్దం పరుగెడుతోందని అర్థం. కొందరు గోడకు శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం వేలాడదీసి "ఇక సరిపోయింది కదా" అంటారు. కలంకారీ కంటికి పండుగే, నేనూ వేలాడదీస్తాను. కానీ గోడకు అతుక్కుపోయిన పలచటి గుడ్డ పైస్థాయి శబ్దాలను కొంచెం మాత్రమే తగ్గిస్తుంది. శబ్దం ఆగాలంటే మందం కావాలి. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద మందమైన జంపఖానా, కిటికీకి ఒత్తైన మడతలున్న కర్టెన్, వెనక గోడకు పుస్తకాలు ఎగుడుదిగుడుగా పెట్టిన అల్మరా చాలా మేలు చేస్తాయి. బూరుగు దూది పరుపు ఒకటి గది మూలలో నిలబెట్టి చూడండి. చూడ్డానికి బాగుండదని ఇంట్లో వాళ్లు అంటారు, అది న్యాయమే. కానీ ఒక్క సాయంత్రం అలా ఉంచి వింటే మీ గది ఏం చేస్తోందో తెలిసిపోతుంది.

టవర్ల కింద బిగించమని మొనదేలిన ఇనుప స్పైకులు ఇస్తారు. అవి తివాచీని గుచ్చుకుని కింది చెక్క నేలను తాకడానికి చేసినవి. మన గ్రానైటు మీద అవి గీతలు పెడతాయి, స్పీకరు కదులుతుంది కూడా. రబ్బరు పాదాలు వాడండి. పసిపిల్లలున్న ఇంట్లో టవర్ బోర్లాపడే ప్రమాదం ఉంది కనుక అడుగుభాగం వెడల్పుగా ఉన్న మోడల్ ఎంచుకోవడం మంచిది. ముందు జాలీ తీసేయకండి. ట్వీటరు గుండ్రంగా కనబడితే పిల్లల వేలు అక్కడికే వెళుతుంది. పాత స్పీకర్లు కొనేవాళ్లు ఊఫర్ చుట్టూ ఉన్న అంచును వేలితో తాకి చూడండి. ఫోమ్ అంచు మన వేడికి, తేమకు కొన్నేళ్లలో పొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు చాలాకాలం ఉంటుంది.

ప్రశ్నలకు సమయం ఇచ్చారు, అడగండి.

ముందు వరసలో పెద్దాయన అడుగుతున్నారు, "పది బై పన్నెండు గదిలో టవర్లు అవసరమా బాబూ?" అని. అవసరం లేదండీ. ఆ గదికి మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, దృఢమైన స్టాండ్లు చాలు. అదే డబ్బుకు బుక్‌షెల్ఫ్‌లో ఇంకా నాణ్యమైన ఊఫర్, ట్వీటరు, క్రాసోవర్ దొరుకుతాయి, పెట్టె చెక్కకు పోయే ఖర్చు తగ్గుతుంది కనుక. మీరు వినేది కచేరీలేనంటున్నారు, ఇంకేం ఆలోచించకండి.

అమ్మా, మీ ప్రశ్న, "సన్నటి టవర్లు కొని తర్వాత సబ్‌ఊఫర్ చేర్చుకోవచ్చా?" తప్పకుండా. పెద్ద టవర్ల కంటే నేను మెచ్చే దారి అదే. సబ్‌ఊఫర్ అంటే బేస్ మాత్రమే పలికే విడి పెట్టె. టవర్ ఎక్కడ నిలబడాలో గొంతు నిర్ణయిస్తుంది. బేస్‌కు ఏ చోటు మంచిదో గది నిర్ణయిస్తుంది. ఆ రెండు చోట్లూ ఒకటి కావడం అరుదు. సబ్‌ఊఫర్ విడిగా ఉంటే దాన్ని గదికి నచ్చిన చోట పెట్టుకోవచ్చు. దాన్ని ముందు మీరు కూర్చునే చోట పెట్టి మోగించండి. మీరు గది అంచుల వెంట వంగి నడుస్తూ వినండి. బేస్ ఎక్కడ సమంగా, శుభ్రంగా వినిపిస్తే సబ్‌ఊఫర్ శాశ్వత స్థానం అదే.

చివరి వరసలో తమ్ముడు వైరు గురించి అడుగుతున్నాడు. ఎలక్ట్రికల్ దుకాణంలో 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి వైరు తీసుకో. ఐదారు మీటర్ల దూరానికి అది సరిపోతుంది. వేలు పోసి వైరు కొనవద్దు, ఆ డబ్బు జంపఖానాకు పెట్టు. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు రెండు వైపులా ఒకేలా బిగించు. ఒక్క వైపు తారుమారైతే బేస్ మాయమైపోతుంది, గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడదు. కొత్త స్పీకర్లు బాగా లేవని నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరి ఇళ్లలో స్క్రూడ్రైవరుతో సరిచేసింది అదొక్కటే.